బఠాణీ గింజంత మందు

జూన్ 2, సోమవారం

గడ్డం మీద మొటిమ వచ్చింది.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి పని గట్టుకుని రాయవలసిన విషయమా ఇది? కాదు. అందుకే రాస్తున్నాను. బయటికి చెప్పుకోలేనివి రాసుకోవడానికే కదా ఈ డైరీ కొన్నది.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాళ్ళకి మాత్రం మొటిమ రాకూడదు. ఎటు తిరిగినా అద్దమే. కౌంటరు మీద చేతి అద్దం, గోడకి నిలువుటద్దం, ఫ్రేముల స్టాండు మధ్యలో సందు దొరికిన చోటల్లా బెత్తెడు అద్దం. మామూలు మనిషికి ఒక మొటిమ వస్తే ఒక్కటే వచ్చినట్టు. నాకు ఇవాళ షాపు నిండా వచ్చాయి.

పైగా నా పనంతా మనుషుల మొహానికి జానెడు దూరంలోనే. ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందా, చెవి వెనక కాడ ఒరుసుకుంటోందా చూడాలంటే దగ్గరికి వంగక తప్పదు. నేను వాళ్ళ మొహం చూస్తుంటే వాళ్ళు నా గడ్డం చూస్తున్నారు.

ఇంటికి రాగానే అక్క చూసింది. "అబ్బో, ఎవరో ప్రేమిస్తున్నారే నిన్ను!" అంది.

"నీ మొహం," అన్నాను.

"నా మొహానికేం, నున్నగా ఉంది. నీ మొహం సంగతి చూసుకో. టూత్ పేస్టు పెట్టు, పొద్దునకల్లా మాడిపోతుంది."

పెట్టాను. భగభగ మండుతోంది.

జూన్ 4, బుధవారం

టూత్ పేస్టు వల్ల మొటిమ పోలేదు. దాని చుట్టూ ఎర్రటి చక్రం ఒకటి అదనంగా వచ్చింది.

ఇవాళే బస్సు డ్రైవరు రావాలా! కొత్త లెన్సులు వేయించుకున్నప్పటి నుంచి ఆయన ఫ్రేము తరచూ వదులవుతోంది. ఆయన చెయ్యి పెద్దది, మాట చిన్నది. "మళ్ళీ జారిపోతోందండీ," అంటూ కళ్ళజోడు తీసి రెండు చేతులతో ఇస్తాడు. నేను స్క్రూ బిగిస్తుంటే స్టూలు మీద బుద్ధిగా కూర్చుని నా వంకే చూస్తుంటాడు. ఇవాళ కూడా చూశాడు. గడ్డాన్ని భుజంలో దాచుకుని ఎలా బిగించానో నాకే తెలియదు.

మొటిమ గురించి ఏమీ అనలేదు. నవ్వలేదు. చూపు తిప్పుకోలేదు. ఎంత సంస్కారం!

ఇది రాసింది ఆయన గురించి కాదు. మొటిమ గురించి.

జూన్ 7, శనివారం

ఇంకో నాలుగు. దవడ పొడవునా, బస్టాపులో జనం నిలబడ్డట్టు.

జూన్ 8, ఆదివారం

పొద్దున స్నానాల గది తలుపు ఎంత కొట్టినా తియ్యదు పిడుగు. పిడుగంటే మా అక్క కూతురు. పదహారేళ్ళు. నేనూ అదీ ఒకే గదిలో పడుకుంటాం. చిన్నప్పుడు నా వీపెక్కి ఊరంతా తిరిగిన పిల్ల, ఈ ఏడాదిగా నాతో "ఊఁ", "ఉహూఁ" తప్ప మాట్లాడటం లేదు. అక్కతో అయితే అవి కూడా లేవు.

చివరికి తలుపు తీసింది. మొహం కందగడ్డలా ఉంది. పాత్రలు తోమే పీచు లాంటిదేదో చేతిలో ఉంది.

"దాంతో మొహం తోముతున్నావా?"

"మురికి పోవాలి కదా పిన్నీ."

నుదుటి నిండా, బుగ్గల నిండా మొటిమలు. ఇన్నాళ్ళూ జుట్టు మొహం మీదికి వేసుకుని తిరుగుతుంటే ఫ్యాషన్ అనుకున్నాను. ఒకే గదిలో ఉంటూ ఆ జుట్టు వెనక ఏముందో చూడలేదు.

అది నా గడ్డం వంక చూసింది. నేను దాని నుదురు వంక చూశాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. ఏడాది తర్వాత అది నాతో కలిసి నవ్వింది! స్నానాల గది గుమ్మంలో, తడి కాళ్ళతో. ఈ దిక్కుమాలిన మొటిమలకి ఒక్క నిమిషం దణ్ణం పెట్టాలనిపించింది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. స్కూలు నాటకంలో దానికి రాణి వేషం ఇచ్చారట. వద్దని చెట్టు వేషం అడిగిందట.

"చెట్టా? దానికి మాటలుండవు కదే!"

"మాస్కు ఉంటుంది," అంది.

నవ్వు ఆగిపోయింది నాకు.

అక్క ఈలోగా నిమ్మకాయ కోసుకొచ్చింది. ఇద్దరికీ పట్టించింది. ఇద్దరం గదిలో గెంతాం. బావ పేపరు వెనక నుంచి, "ఇంట్లో ఏమైనా తగలబడిందా?" అని అడిగారు.

జూన్ 12, గురువారం

ఒకావిడకి చదువుకునే అద్దాలు పెట్టబోయాను. ఆవిడ వెనక్కి జరిగింది. "ఇంకెవరైనా ఉన్నారా? అంటుకుంటాయేమో," అంది. నెమ్మదిగానే అంది. షాపు చిన్నది.

ఆవిడ వెళ్ళాక ఓనరు గారు నా దగ్గరికొచ్చారు. ఆయన మొహమాటస్థుడు. ఎంత చెడ్డ మాటైనా కౌంటరు తుడుస్తూ చెప్తారు. ఇవాళ కౌంటరు అద్దంలా తుడిచారు.

"వెనక గదిలో లెన్సులు అరగదీసే పని బోలెడు పేరుకుపోయిందమ్మా. కొన్నాళ్ళు నువ్వు అటు చూసుకో. మొహం... అంటే, పని తగ్గాక మళ్ళీ వద్దువు గాని."

"అలాగేనండీ," అన్నాను.

జూన్ 13, శుక్రవారం

వెనక గది బాగుంది. చల్లగా ఉంటుంది. ఒక్క అద్దం కూడా లేదు. చాలా బాగుంది.

జూన్ 17, మంగళవారం

ఏం జరిగిందో వరసగా రాయాలి.

మిషను ఆపి లెన్సు తుడుస్తున్నాను. తెర అవతల ఆ గొంతు. "ఆవిడ లేరా అండీ?"

ఓనరు గారు: "నేను చూస్తా ఇవ్వండి, స్క్రూ బిగించడమే కదా."

"వద్దులెండి. ఆవిడ బిగిస్తేనే నిలుస్తుంది."

"అంటే నేను బిగిస్తే ఊడిపోతుందా?" ఓనరు గారికి రోషం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా షాపు నడుపుతున్న మనిషి మరి.

"అలా అని కాదండీ. నా ముక్కు సంగతి ఆవిడకి తెలుసు."

నా ముక్కు సంగతి ఆవిడకి తెలుసు! తెర ఇవతల నేను లెన్సు గుండెకి అదుముకుని నిలబడ్డాను. వేలిముద్రలు పడ్డాయి, మళ్ళీ తుడవాల్సి వచ్చింది.

ఓనరు గారు ఫ్రేము తెచ్చి నా బల్ల మీద పడేశారు. "నీ ముక్కే. చూడు," అన్నారు.

బిగించబోతూ భూతద్దం పెట్టి చూశాను. స్క్రూ తల మీద గీతలు. అవి నా స్క్రూడ్రైవరు గీతలు కావు. వంటింటి చాకు మొనతో తిప్పితే పడే గీతలు. రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. తనంతట తను వదులయ్యే స్క్రూ ఎప్పుడూ రెండు వైపులా ఒకేసారి వదులవదు.

చాకుతో! ఇంట్లో కూర్చుని, అంత లావు వేళ్ళతో, అంత చిన్న స్క్రూని!

బిగించాను. బయటికి మాత్రం వెళ్ళలేదు. ఓనరు గారి చేతే పంపాను. ఈ మొహంతో ఎలా వెళ్ళను?

ఇంటికి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో తెలియదు. సందు తిరిగేచోట ఎవరో "ఏమ్మా, తప్పుకో," అన్నారు.

జూన్ 21, శనివారం

పిడుగుని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పిడుగు కోసమే. అక్క, "వయసు మొటిమలకి డాక్టరేంటే, అవే పోతాయి," అంది. పోయేలోగా మచ్చలు మిగిలిపోతే ఎవరిది పూచీ అని నేనే బయలుదేరదీశాను.

డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. ఆవిడ బుగ్గల మీద పాత గుంటల మచ్చలున్నాయి. పిడుగు వాటినే చూస్తోంది.

"చూడు చూడు, నావే. నా చిన్నప్పుడు నన్నెవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు," అందావిడ నవ్వుతూ. "చెప్పు, రోజూ మొహానికి ఏం చేస్తావు?"

పిడుగు చెప్పడం మొదలుపెట్టింది. గంటగంటకీ సబ్బు. పీచు. నిమ్మరసం. పేస్టు. రాత్రికి గోళ్ళతో గిల్లడం. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పాపం, నీ చర్మం ఏం తప్పు చేసిందని అంతలా కొట్టావమ్మా?"

పిడుగు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆవిడ చూడనట్టే పెన్ను క్యాపు తీసి చూపించింది.

"ఇది చర్మంలో ఒక చిన్న రంధ్రం అనుకో. అడుగున నూనె తయారవుతుంది. చర్మానికి అది కావాలి. నీ వయసులో హార్మోన్ల హడావుడికి ఆ నూనె ఎక్కువగా ఊరుతుంది. రంధ్రం లోపలి చర్మం పొట్టు రాలుతుంది. నూనే పొట్టూ కలిసి మూతి దగ్గర ముద్దకడతాయి. మూతి మూసుకుపోతే లోపల సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఒళ్ళు వాటితో గొడవ పడుతుంది. ఆ గొడవే ఎర్రగా, వాపుగా బయటికి కనిపించేది. ఇందులో మురికి ఎక్కడైనా వచ్చిందా?"

"రాలేదు."

"మరి ఎందుకు తోముతున్నావు? తోమితే వాపు ఎక్కువవుతుంది. గిల్లితే ఆ చెత్త ఇంకా లోపలికి పోతుంది. మచ్చలు అప్పుడే పడతాయి."

"అంటుకుంటాయా?" అని అడిగింది నేను. గొంతు కొంచెం పెద్దదైంది.

"ఒకరి మొటిమ ఇంకొకరికి ఎలా అంటుకుంటుందండీ? ఎవరన్నారు?" అని నా వైపు తిరిగి, గడ్డం మీద లైటు వేసింది. "ఇంతకీ మీ సంగతేంటి?"

"నేను ఊరికే తోడొచ్చానండీ."

"ఊరికే వచ్చినా కనిపిస్తున్నాయి కదా. ఇలా కూర్చోండి."

కూర్చున్నాను. ముప్పై దాటిన ఆడవాళ్ళలో చాలామందికి ఇలాగే గడ్డం, దవడల దగ్గర వస్తాయట. నెలసరి ముందు ఎక్కువవుతాయట. నెలసరి సరిగ్గా వస్తోందా, బరువు పెరిగానా, అవాంఛిత రోమాలు వచ్చాయా, అన్నీ అడిగింది. రక్త పరీక్ష రాసింది. "ఈమధ్య మొహానికి కొత్తగా ఏమైనా వాడుతున్నారా?"

వాడుతున్నాను. చిక్కటి క్రీము. వెన్న లాంటిది. రెండు పూటలా పట్టిస్తున్నాను.

"ఎప్పటి నుంచి?"

"మార్చి నుంచి." బస్సు డ్రైవరు మొదటిసారి వచ్చింది మార్చిలో. అది డాక్టరమ్మకి చెప్పవలసిన విషయం కాదు.

"హఠాత్తుగా ఎందుకు మొదలుపెట్టారు?"

"ఊరికేనండీ."

పిడుగు నా వంక అదోలా చూసింది.

క్రీము చెత్తబుట్టలో వెయ్యమంది. ఇకపై ఏది కొన్నా డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ అని ఉండాలట, అంటే రంధ్రాలు మూయనిది అని. ఇద్దరం చెరోసారి పలికి చూశాం. నాకు నోరు తిరగలేదు. చాక్లెట్ మానెయ్యాలా అని పిడుగు ఊపిరి బిగబట్టి అడిగింది. తియ్యటివి మరీ ఎక్కువైతే కొందరికి పెరుగుతాయి, గమనించుకో, అంతేగాని ఒక్క ముక్క తిని ఏడవక్కర్లేదు అంది. పిడుగు ఊపిరి వదిలింది.

మందు రాసే ముందు నన్ను అడిగింది. "రాత్రి జెల్లు గర్భిణులు వాడకూడదు. మీకు గర్భం వచ్చే అవకాశం ఏమైనా ఉందా?"

"లేదండీ!"

బయట వరండాలో కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించింది. మెట్లు దిగుతున్నంతసేపూ పిడుగు పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది.

జూన్ 22, ఆదివారం

పద్ధతి ఇది. పొద్దున, రాత్రి మెత్తటి ఫేస్ వాష్, చేత్తోనే. తుడవకూడదు, అద్దాలి. పొద్దున ఒక ట్యూబు, దాని మీద ఎండ తగలకుండా రాసుకునేది. రాత్రి ఇంకో ట్యూబు, బఠాణీ గింజంత. మొటిమ ఉన్నచోట చుక్క పెట్టడం కాదు, మొహం మొత్తానికి పలచగా. మొదట్లో రోజు విడిచి రోజు.

బఠాణీ ఎంత ఉంటుందని రాత్రి నాకూ పిడుగుకీ పెద్ద తగువు. ఎండు బఠాణీయా, పచ్చి బఠాణీయా? అక్కని అడిగితే వంటింట్లోంచి నిజంగానే ఒక గింజ తెచ్చి మా మధ్య పెట్టింది. ముగ్గురం దాని చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నాం.

జూలై 1, మంగళవారం

నా నీలం దిండు గలీబు మీద తెల్ల మరకలు. పొద్దుటి ట్యూబు బట్టల రంగు లాగేస్తుందని కాగితంలో రాసే ఉంది. చదవలేదు. బావ ఆకుపచ్చ తువ్వాలుకి కూడా అదే గతి. "ఇది నా తువ్వాలేనా?" అని ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నేనూ పిడుగూ మంచం వెనక కూలబడి నోరు నొక్కుకున్నాం.

మూతి చుట్టూ పొట్టు లేస్తోంది. తేమ నిలిపే లోషను రాసుకుంటే తగ్గుతోంది.

జూలై 9, బుధవారం

ఎక్కువయ్యాయి. మందు వాడుతున్నా ఎక్కువయ్యాయి!

మొదటి వారాల్లో ఇలాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పింది నిజమే. కానీ చెప్పినప్పుడు అవి మొహం మీద లేవు కదా.

పిడుగు స్కూలు నుంచి వచ్చీ రాగానే ట్యూబు తీసి కిటికీలోంచి విసిరేసింది. "చెట్టుకి మాస్కు కూడా తీసేశారు పిన్నీ! ఊపిరాడదట! అంతా నీ వల్లే! నన్నెందుకు తీసుకెళ్ళావు?"

దుప్పటి ముసుగేసింది. నేను కిందికి వెళ్ళి పూలకుండీల మధ్య వెతికి ట్యూబు తెచ్చాను. తెచ్చాక దాని తల దగ్గర కూర్చోబోతే అటు తిరిగింది.

జూలై 10, గురువారం

ఏమీ లేదు.

జూలై 11, శుక్రవారం

నిన్న ఉంది. రాయడానికి మొహం చెల్లలేదు.

నిన్న ఆయన వస్తాడనిపించింది. ఎందుకో అలా అనిపించింది అంతే. గడ్డం మీద ఒకటి తెల్లటి మొనతో సిద్ధంగా ఉంది. "ఒక్కటే కదా," అనుకున్నాను. షాపు బాత్రూములో, రెండు వేళ్ళతో.

రక్తం ఆగలేదు. గడ్డానికి ప్లాస్టరు వేసుకుని లెన్సులు అరగదీశాను. ఆయన రాలేదు.

ఇవాళ ఇంట్లో పిడుగు ప్లాస్టరు చూసి మంచం మీద లేచి కూర్చుంది. రెండు రోజుల తర్వాత మొదటి మాట. "గిల్లావా?"

"తగిలింది."

"దేనికి?"

"తలుపుకి."

"గడ్డం మీదా? తలుపుకి గోళ్ళున్నాయా పిన్నీ?"

ఇక దాచలేకపోయాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిడుగు దగ్గరికొచ్చి తన నుదురు చూపించింది. అదీ గిల్లింది, మూడు చోట్ల. ఇద్దరం దొంగలమే.

ఒప్పందం కుదిరింది. టీవీ చూసేటప్పుడు, చదువుకునేటప్పుడు చేతులు మొహం మీదికి పోతాయి కాబట్టి ఆ రెండు వేళల్లోనూ తొడుగులు వేసుకోవాలి. ఇంట్లో ఉన్నవి చలికాలపు ఉన్ని తొడుగులు. ఈ ఉక్కలో అవి తొడుక్కుని సోఫాలో పక్కపక్కన కూర్చున్నాం. అక్క వచ్చి చూసింది, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. బావకి చెప్పడం వినిపించింది: "నా చెల్లెలు నీ కూతుర్ని చెడగొడుతోందో, నీ కూతురు నా చెల్లెల్ని చెడగొడుతోందో తెలియడం లేదు."

జూలై 19, శనివారం

మళ్ళీ డాక్టరమ్మ. నా రక్త పరీక్షలో తేడా ఏమీ లేదు. కిటికీ దగ్గర నిలబెట్టి ఇద్దరి మొహాలూ చూసింది.

"కొత్తవి తగ్గాయి. మీరు పాతవే లెక్కపెట్టుకుంటున్నారు. మూడు నెలలు చూడకుండా మందు పనిచెయ్యలేదని అనకూడదు. తగ్గాక కూడా మానకూడదు, కొత్తవి రాకుండా ఆపేది అదే."

తర్వాత నా ప్లాస్టరు మచ్చ చూసింది. "ఇదేంటి?"

"తలుపు," అంది పిడుగు.

జూలై 21, సోమవారం

ఇవాళ తెర తీసుకుని ముందుకొచ్చాను. ఓనరు గారు కౌంటరు తుడవడం మొదలుపెట్టారు.

"గుడ్డ కింద పెట్టండి సార్," అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో అంత గొంతు! "ఇవి అంటుకోవు. డాక్టరుని అడిగాను. మురికి వల్ల కూడా రావు. తగ్గడానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ నేను గదిలో ఉంటే ఇక్కడ ముక్కులు ఎవరు చూస్తారు?"

ఆయన గుడ్డ కింద పెట్టారు. "నువ్వు లోపలికెళ్ళాక నలుగురు ఫ్రేములు వెనక్కి తెచ్చారమ్మా," అన్నారు. "అంటుకుంటాయన్న ఆవిడతో ఆ రోజే నేను మాట్లాడాల్సింది. తప్పు నాదే."

అంతే. స్టూలు మీద నేను కూర్చునే దిండు ఆయనే దులిపి వేశారు.

ఆగస్టు 5, మంగళవారం

వచ్చాడు! "ఉన్నారా!" అన్నాడు. అన్నాడంటే, మొహమంతా అంది.

ఫ్రేము తీసి ఇచ్చాడు. స్క్రూలు మళ్ళీ చాకు దెబ్బ తిన్నాయి. బిగిస్తూ తల వంచుకుని నవ్వుకుంటున్నాను. ఎదురుగా స్టూలు మీద ఆయన, అదే చూపు, కన్నార్పకుండా. మొటిమలున్నా అదే చూపు, మందు రాసుకుని పొట్టు లేస్తున్నా అదే చూపు. ఇంత మంచి మనిషి ఉంటాడా అనుకుంటూ లెన్సు తుడిచి, అలవాటుగా వెలుతురులో పెట్టి పవరు చూశాను.

మైనస్ నాలుగున్నర.

కళ్ళజోడు తీసేస్తే ఆయనకి చెయ్యి చాచినంత దూరంలో ఏదీ సరిగ్గా కనిపించదు. ఈ వృత్తిలో ఇన్నేళ్ళున్నాను, ఇది నాకు ఇవాళ తట్టింది! ఆయన నా మొహం ఎప్పుడూ చూడలేదు. చూసిందంతా మసక.

ఆగస్టు 6, బుధవారం

మసక. సంస్కారమట, సంస్కారం! మైనస్ నాలుగున్నర.

పిడుగుకి చెప్పేశాను, అంతా, మార్చి నుంచి. అది తొడుగులతోనే చప్పట్లు కొట్టింది. "నాకెప్పుడో తెలుసు. 'ఊరికేనండీ' అన్నావు చూడు, అప్పుడే." తర్వాత గంభీరంగా, "అడుగు పిన్నీ. కనిపించేదా లేదా అని మొహం మీదే అడుగు," అంది.

ఆగస్టు 14, గురువారం

అడిగాను!

ఆయన వచ్చి కళ్ళజోడు తియ్యబోతే, "తియ్యకండి," అన్నాను. "ముందు ఒక మాట చెప్పండి. అది తీస్తే నేను మీకు కనిపిస్తానా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "లేదండీ. మబ్బులా ఉంటారు. పైన నల్లగా, కింద మీ చీర రంగు."

"అయితే నా మొహం మీరు చూడనే లేదు."

"అదేంటి? లోపలికి వచ్చేటప్పుడు పెట్టుకునే వస్తాను కదండీ. బస్సు నడిపేవాణ్ణి, తడుముకుంటూ వస్తానా?"

అవును కదా.

"జూన్‌లో గడ్డం మీద ఒకటి వచ్చింది," అన్నాడు మెల్లగా. "తర్వాత దవడ మీద. ఇప్పుడు చాలా తగ్గాయి. ఏం వాడారో అడుగుదామని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. మొహమాటమేసింది."

"మీకెందుకు?"

చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ ఉన్నాయండీ. వీపు మీద. రోజంతా సీటుకి ఆనుకుని, ఆ చెమటలో..."

నేనింక ఆగలేదు. చెమటా ఒరిపిడీ కలిస్తే వీపు మీద రంధ్రాలు కూడా మూసుకుపోతాయని, బిగుతు చొక్కాలు మానమని, డ్యూటీ దిగగానే స్నానం చెయ్యమని, రుద్దవద్దని, గిల్లవద్దని, పాత తువ్వాళ్ళు వాడమని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. డాక్టరమ్మ చిరునామా రాసి ఇచ్చాను. ఆయన అంతా తలూపుతూ విన్నాడు. షాపు మధ్యలో నిలబడి పరాయి మగవాడి వీపు గురించి అంతసేపు మాట్లాడానని ఓనరు గారు దగ్గాక గాని నాకు తెలియలేదు.

వెళ్ళేముందు, "ఇంకోటి. స్క్రూలు చాకుతో తిప్పకండి, అరిగిపోతాయి," అన్నాను.

ఆయన కొయ్యబారిపోయాడు.

"ఊరికే రావచ్చు," అన్నాను.

ఇది నేనే అన్నాను! నేనే!

ఆగస్టు 30, శనివారం

పిడుగు నాటకం. ఈమధ్య అదే వెళ్ళి రాణి వేషం వెనక్కి అడిగిందట. అప్పటికే వేరే పిల్లకి ఇచ్చేశారు. దుర్మార్గపు మంత్రి వేషం ఖాళీగా ఉంటే అది ఇచ్చారు. "మంత్రి మొహం మీద నాలుగు మొటిమలుంటే ఇంకా రక్తి కడుతుంది పిన్నీ," అని అదే అంది. జుట్టంతా వెనక్కి దువ్వి ముడేసుకుంది. నుదురు కనిపించి ఎన్నాళ్ళయిందో!

ఏం చేసింది! రాణికి విషం కలుపుతూ నవ్విన నవ్వుకి ముందు వరసలో పసిపాప ఏడుపు లంకించుకుంది. అక్క నా చెయ్యి నలిపేసింది. బావ లేచి నిలబడి, "అది మా అమ్మాయే!" అన్నారు, విషం కలిపే సమయంలో.

తర్వాత మేకప్ గదిలో నూనె లేని క్లెన్సరుతో నేనే మొహం తుడిచాను, అద్దుతూ. మచ్చలున్నాయి. ఎరుపు ఇంకా ఉంది. అది కళ్ళు మూసుకుని మొహం నా చేతుల్లో పెట్టి కూర్చుంది.

"రుద్దెయ్యి పిన్నీ, తొందరగా పోతుంది."

"నోరు ముయ్యవే," అన్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

ఆయనకి సెలవు. నాకూ సెలవు. నది దాకా వెళ్ళివద్దాం అన్నాడు. బస్సులో, ప్రయాణికుల్లా.

నా పక్కన కూర్చున్నాడు. కూర్చున్న దగ్గర నుంచి ఆయన కుడికాలు ఆగదు. మలుపు వస్తే చాలు, లేని బ్రేకు తొక్కుతాడు. ఎవరైనా రోడ్డు దాటితే తొక్కుతాడు. ముందు కుక్క కనిపిస్తే తొక్కుతాడు. నడిపే ఆయన అద్దంలోంచి చూసి, "ఏరా, నేను నడపనా, నువ్వొచ్చి నడుపుతావా?" అని అరిచాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

"నవ్వండి, నవ్వండి," అన్నాడు. "వెనక ఇలా కూర్చుని చాలా ఏళ్ళయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు."

ఎక్కడ పెట్టుకోవాలో నేను చూపించాను.

తర్వాతి మలుపు దగ్గర ఆయన కాలు కదల్లేదు. నది వచ్చింది. జనం దిగారు. తలుపు మూసుకుంది. బస్సు వంతెన ఎక్కింది.

ఎన్నో ఏళ్ళుగా అదే దారిలో బస్సు నడిపిన మనిషి, "అయ్యో, స్టాపు చూసుకోలేదండీ," అన్నాడు.

నేనూ చూసుకోలేదన్నాను.